లూపస్ మందులు: ఇంత ఆలస్యం ఎందుకు, ఇప్పుడు మారుతున్నదేమిటి

2025 అక్టోబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఒబినుటుజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను లూపస్ వల్ల దెబ్బతిన్న కిడ్నీల చికిత్సకు అనుమతించింది. అదే సమయంలో, జర్మనీలో ఒక్కసారి కణాలు ఎక్కిస్తే లూపస్ మాయమైపోయిందన్న కథనాలు కూడా ఫోన్లలో తిరుగుతున్నాయి. కర్నూలులోనో కడపలోనో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు మింగుతున్న మనిషికి ఈ రెండు వార్తలూ ఒకే మాట చెప్పినట్టు ఉంటాయి: మందు వచ్చేసింది, మనదాకా రాలేదు. కానీ ఆ రెండూ చాలా వేర్వేరు దశల్లో ఉన్న సంగతులు. ఒకటి వందల మంది మీద పరీక్షించి తేల్చినది. రెండోది కొద్దిమందిలో అద్భుతంగా పనిచేసి, ఇంకా పోల్చి చూడాల్సినది.

లూపస్‌లో మందు కనిపెట్టడం ఒక కష్టం. అది పనిచేసిందని నిరూపించడం అంతకు తగ్గని కష్టం. ఈ రెండో కష్టం గురించి వార్తల్లో దాదాపు ఏమీ రాదు. అది తెలిస్తే తప్ప మొదటిది అర్థం కాదని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒకే జబ్బు, రకరకాల ముఖాలు

బయటి నుంచి వచ్చే క్రిములను గుర్తించి చంపడం మన రోగనిరోధక వ్యవస్థ పని. లూపస్‌లో అది సొంత శరీరం మీదికే తిరుగుతుంది. డాక్టర్లు చీటీల మీద ఎస్‌ఎల్‌ఈ అని రాసేది దీన్నే. రోగుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లు, అందులోనూ పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లే ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు.

ఒకరికి కీళ్లు వాచిపోతాయి. ఇంకొకరికి ముక్కుకు రెండు వైపులా చెంపల మీద ఎర్రటి మచ్చలు లేస్తాయి. మరొకరికి నోట్లో పుళ్లు, జుట్టు రాలడం, విడవని జ్వరం. కొందరికి రక్తకణాలు పడిపోతాయి, ఇంకొందరికి పొద్దున లేచేసరికి కాళ్లు, కళ్ల కింద వాపు కనిపిస్తుంది. ఊళ్లలో వీటికి విడివిడిగా పేర్లున్నాయి. కీళ్లవాతం అంటారు, మంగు అంటారు, రక్తం తక్కువైంది అంటారు. "ఎండకు పోతే చాలు, మొగమంతా మంట పుడతాంది" అని శెనక్కాయ చేన్లో పని చేసే ఆమె చెబితే, అనంతపురం ఎండకు కమిలిందనుకోవడం ఎవరికైనా సహజం. ఎముకల డాక్టరు ఒకటి, చర్మం డాక్టరు ఒకటి చూసి, రెండూ ఒకటేనని తేలేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తే లూపస్ అని చాలామంది హడలిపోతారు. లూపస్ ఉన్న దాదాపు అందరికీ అది పాజిటివ్ వస్తుంది, నిజమే. కానీ ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లో కూడా కొంతమందికి వస్తుంది. 2019లో యూరప్, అమెరికా వైద్య సంఘాలు కలిసి రూపొందించిన ప్రమాణాల్లో ఏఎన్‌ఏ పాజిటివ్ అనేది గుమ్మం మాత్రమే. ఆ తర్వాత లక్షణాలకు, మిగతా పరీక్షలకు పాయింట్లు వేసి లెక్క చూస్తారు.

లోపల జరిగే వరుస

మన శరీరంలో రోజూ కోట్ల కణాలు చనిపోతుంటాయి. వాటి లోపలి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు బయటపడకముందే శుభ్రం కావాలి. లూపస్‌లో ఆ శుభ్రం సరిగా జరగదు. మిగిలిపోయిన ముక్కలను కొన్ని కణాలు వైరస్ ముక్కలుగా పొరబడతాయి. వైరస్ వచ్చిందనుకుని ఇంటర్‌ఫెరాన్ అనే ప్రమాద సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాంతో బి కణాలనే తెల్ల రక్తకణాలు రెచ్చిపోయి, క్రిములను పట్టాల్సిన యాంటీబాడీలను సొంత డీఎన్‌ఏ మీదే తయారు చేస్తాయి. అవి గుంపులుగా చేరి కిడ్నీ జల్లెడలో, కీళ్లలో, చర్మంలో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది, కణాలు చస్తాయి, మళ్లీ ముక్కలు బయటపడతాయి. ఎండ వల్ల జబ్బు ఎందుకు రేగుతుందో ఇక్కడే తెలుస్తుంది: అతినీలలోహిత కిరణాలు చర్మకణాలను చంపి, ఈ చక్రానికి కొత్త సరుకు అందిస్తాయి.

2022లో స్పెయిన్‌కు చెందిన ఒక బాలికలో పరిశోధకులు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలను పసిగట్టే గ్రాహకాన్ని తయారు చేసే టీఎల్‌ఆర్7 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారినట్టు గుర్తించారు. ఆ ఒక్క మార్పునే ఎలుకల్లో పెడితే వాటికీ లూపస్ వంటి జబ్బు వచ్చింది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్ రెండు. మామూలుగా ఒకటి మూగబోయి ఉంటుంది, కానీ ఈ జన్యువు కొన్ని కణాల్లో ఆ మూగతనం నుంచి తప్పించుకుంటుంది. ఆడవాళ్లకే ఎక్కువ ఎందుకు అన్న ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు గానీ, బలమైన జవాబుల్లో ఒకటి.

అయితే చాలామంది రోగుల్లో ఇలా ఒక్క జన్యువు దోషం ఉండదు. కొందరిలో ఇంటర్‌ఫెరాన్ ఉప్పొంగి ఉంటుంది, కొందరిలో బి కణాలు ముందుండి నడిపిస్తాయి. ఈ వరుసలో ఒక్క మెట్టును ఆపే మందు, ఆ మెట్టు ముఖ్యమైన రోగికి బాగా పనిచేసి, పక్క రోగికి ఏమీ చేయకపోవచ్చు. ఇద్దరి చీటీ మీదా రాసి ఉండేది ఒకే పేరు.

1955 నుంచి 2011 దాకా

హైడ్రాక్సీక్లోరోక్విన్ అసలు మలేరియా మందుల కుటుంబానికి చెందినది. అమెరికాలో 1955లో లూపస్‌కు అనుమతి వచ్చింది. పైన చెప్పిన టీఎల్‌ఆర్7 వంటి గ్రాహకాలు పనిచేసే చోటికే వెళ్లి ఆ సంకేతాన్ని మందగింపజేస్తుంది. జబ్బు మళ్లీ రేగడాన్ని తగ్గిస్తుంది, గర్భంతో ఉన్నప్పుడు కూడా కొనసాగించవచ్చు, ధర తక్కువ. దీర్ఘకాలం వాడితే కంటి రెటీనాకు హాని జరిగే అవకాశం ఉంది కాబట్టి, శరీర బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. 50 కిలోల మనిషికి అది 250 మిల్లీగ్రాములు. కంటి పరీక్షలు కూడా అందుకే.

2020 మార్చిలో ఇదే మందు కోవిడ్‌కు పనిచేస్తుందన్న ప్రచారంతో దుకాణాల్లో ఖాళీ అయిపోయింది. రోజూ దాని మీదే బతుకుతున్న లూపస్ రోగులు బిళ్లల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కోవిడ్‌కు అది పనికిరాదని ఆ తర్వాత తేలింది. ఆ నెలల్లో వాళ్లు పడిన టెన్షన్ తక్కువది కాదు.

రెండో పాత మందు స్టెరాయిడ్. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దాన్ని మించిన మందు ఇప్పటికీ లేదు. ఏళ్ల తరబడి వాడితే మాత్రం షుగర్, కంటి శుక్లాలు, ఎముకలు గుల్లబారడం, తుంటి ఎముకకు రక్తం అందక కుంటుపడటం, పైగా క్షయ వంటి ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడం. మన దగ్గర క్షయ ఎక్కువ కాబట్టి ఈ చివరిది చిన్న విషయం కాదు. 2023 నాటి యూరప్ మార్గదర్శకాలు, కొనసాగించే మోతాదు రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు మించకుండా, వీలైతే పూర్తిగా ఆపేసేలా చూడాలంటున్నాయి. కొత్త మందుల మీద ఇంత ఆశ ఉండడానికి అసలు కారణం స్టెరాయిడ్‌ను దించాలన్న తపనే.

ఈ రెండింటి తర్వాత, లూపస్ కోసమని అనుమతి పొందిన తర్వాతి మందు బెలిముమాబ్. అది వచ్చింది 2011లో. మధ్యలో 56 ఏళ్లు. అజాథియోప్రిన్, సైక్లోఫాస్ఫమైడ్, మైకోఫినోలేట్ వంటివి ఈ కాలంలో వాడుకలోకి వచ్చాయి కానీ, అవన్నీ అవయవ మార్పిడి నుంచో క్యాన్సర్ నుంచో అరువు తెచ్చుకున్నవి.

బాగా పనిచేస్తుందనుకున్న మందు ఓడిపోయిన కథ

అన్నేళ్లూ శాస్త్రజ్ఞులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అబెటిమస్, ఎప్రాటుజుమాబ్, టాబలుమాబ్, అబాటసెప్ట్, ఉస్టెకినుమాబ్ ఇలా వరుసగా వచ్చాయి. కొన్ని, రోగుల మీద చేసే పరీక్షల్లో (ట్రయల్స్) రెండో దశలో ఆశలు రేపి మూడో దశలో కూలిపోయాయి. బారిసిటినిబ్ అనే బిళ్ల మీద ఒకేలాంటి రెండు పెద్ద ట్రయల్స్ జరిగితే, ఒకటి నెగ్గింది, ఒకటి ఓడింది. 2022లో కంపెనీ లూపస్‌లో దాన్ని ఆపేసింది.

వీటిలో ఎక్కువగా చర్చించాల్సింది రిటుక్సిమాబ్. ఇది బి కణాలను చంపే మందు. యాంటీబాడీలు చేసేది బి కణాలే కాబట్టి, పనిచేయాలి. చిన్న అధ్యయనాల్లో పనిచేసింది కూడా. కానీ 2010లో ఎక్స్‌ప్లోరర్, 2012లో లూనార్ అనే రెండు ట్రయల్స్ ఫలితాలు ప్రచురించినప్పుడు, మందు ఇచ్చిన వాళ్లకూ, పోలిక కోసం ఉత్తుత్తి మందు (ప్లాసిబో) ఇచ్చిన వాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

ఎందుకు? ఇక్కడ రెండు వాదనలున్నాయి. ఒక వర్గం, మందే చాలలేదంటుంది. రిటుక్సిమాబ్ రక్తంలోని బి కణాలను తుడిచేస్తుంది గానీ, లింఫ్ గ్రంథుల్లో, కిడ్నీలో దాగిన వాటి దాకా పూర్తిగా పోదు. మోటారు పెట్టి బావి మొత్తం తోడేసినా, అడుగున ఊట మిగిలితే తెల్లారేసరికి మళ్లీ నీళ్లు చేరినట్టే ఇది. రెండో వర్గం, ట్రయలే సరిగా కట్టలేదంటుంది. రెండు గుంపులకూ గట్టిగా స్టెరాయిడ్లు, మిగతా మందులూ ఇచ్చారు కాబట్టి, ఉత్తుత్తి మందు గుంపు కూడా బాగానే మెరుగైంది, తేడా కనిపించే చోటు మిగలలేదన్నది వీళ్ల మాట.

ట్రయల్స్ ఓడినా డాక్టర్లు ఈ మందును వదల్లేదు. మిగతావేవీ లొంగని రోగుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. మన దేశంలో అందుకు ఇంకో కారణం ధర. 2007లోనే హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దీనికి బయోసిమిలర్, అంటే అసలు మందును పోలిన మందు, తెచ్చింది. కొత్త బయోలాజికల్ మందులతో పోలిస్తే అది అందుబాటులో ఉంది. పెద్ద ట్రయల్‌లో నెగ్గని మందును రోగికి ఇవ్వడం సరికాదని అనేవాళ్లున్నారు, చేతికందే దారులన్నీ మూసుకుపోయినప్పుడు అనుభవాన్ని పక్కన పెట్టలేమని అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ రోగి మేలు కోరే మనసే కనిపిస్తుంది నాకు.

మొదటి వాదనకు ఇప్పుడు బలం వచ్చింది. 2025లో అనుమతి పొందిన ఒబినుటుజుమాబ్ కూడా అదే సీడీ20 గుర్తు ఉన్న బి కణాలనే పట్టుకుంటుంది, కాకపోతే వాటిని ఇంకా లోతుగా చంపేలా మలిచినది.

"మెరుగైంది" అని ఎలా తేలుస్తారు

షుగర్ మందుకైతే రక్తంలో చక్కెర కొలిస్తే సరిపోతుంది. బీపీ మందుకు బీపీ. లూపస్‌లో అలాంటి ఒక్క అంకె లేదు. కాబట్టి పాయింట్ల పట్టికలు తయారు చేశారు. వాటిలో బాగా వాడేది స్లెడాయ్. ఒక్కో లక్షణం ఉంటే దానికి నిర్ణయించిన పాయింట్లు పడతాయి, లేకపోతే సున్నా.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఆదోనిలో కుట్టుమిషను మీద బతికే 28 ఏళ్ల మహిళ ఒక ట్రయల్‌లో చేరిందనుకుందాం. చేరిన రోజు ఆమెకు 8 కీళ్లలో నొప్పితో కూడిన వాపు ఉంది, దానికి 4 పాయింట్లు. చెంపల మీద మచ్చలు, 2. జుట్టు రాలడం, 2. రక్తంలో కాంప్లిమెంట్ ప్రోటీన్లు తక్కువ, 2. డీఎన్‌ఏ మీద యాంటీబాడీలు ఎక్కువ, 2. మొత్తం 12.

ఏడాది తర్వాత వాపు 8 కీళ్ల నుంచి 2 కీళ్లకు దిగింది. మచ్చలు సగానికి పైగా చెదిరిపోయాయి. జుట్టు రాలడం ఆగింది. ఆమె మళ్లీ మిషను తొక్కుతోంది. ఇప్పుడు స్కోరు చూడండి. స్లెడాయ్‌లో రెండు కీళ్లు వాచినా అవే 4 పాయింట్లు, ఎనిమిది వాచినా అవే. మచ్చ సగం పోయినా 2 అలాగే ఉంటుంది. రక్తపరీక్షలవి 4 అలాగే. జుట్టుకు మాత్రమే 2 తగ్గింది. మొత్తం 10.

ట్రయల్స్‌లో ఎక్కువగా వాడే ఎస్ఆర్ఐ-4 అనే గీటురాయి ప్రకారం, స్లెడాయ్ కనీసం 4 పాయింట్లు తగ్గాలి, ఇతరత్రా ముదరకూడదు. ఆమెకు తగ్గింది 2. కాబట్టి కాగితం మీద ఆమె "స్పందించని రోగి".

అదే ట్రయల్‌లో ఇంకో మహిళ. అదే 12తో చేరింది. ఆమెకు మచ్చలు పూర్తిగా పోయాయి, జుట్టు రాలడమూ ఆగింది. కానీ 8 కీళ్లూ మొదటి రోజులాగే వాచి ఉన్నాయి, చెంబు కూడా ఎత్తలేదు. స్కోరు 8కి దిగింది. 4 తగ్గింది కాబట్టి ఈమె "స్పందించిన రోగి".

బిక్లా అనే ఇంకో గీటురాయి ఉంది. అది ఒక్కో అవయవాన్ని విడిగా, తీవ్రతను బట్టి చూస్తుంది, పాక్షిక మెరుగుదలనూ లెక్కలోకి తీసుకుంటుంది. మొదట్లో జబ్బు చురుగ్గా ఉన్న ప్రతి అవయవమూ మెరుగుపడాలంటుంది. దాని ప్రకారం చూస్తే ఫలితం దాదాపు తలకిందులవుతుంది: మొదటి మహిళ నెగ్గే అవకాశం ఎక్కువ, కీళ్లు మారని రెండో మహిళ ఓడిపోతుంది.

ఒకే మందు, రెండు ట్రయల్స్, రెండు ఫలితాలు

ఇది ఊహలోని సమస్య కాదు. ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని మూసేసే అనిఫ్రోలుమాబ్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ట్యులిప్-1 అనే ట్రయల్‌లో గీటురాయి ఎస్ఆర్ఐ-4. మందు తీసుకున్న వాళ్లలో 36 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్న వాళ్లలో 40 శాతం స్పందించారు. అంటే ఓడిపోయింది. ట్యులిప్-2లో, ఎవరికి ఏ మందు అందిందన్న ముసుగు తీయకముందే, గీటురాయిని బిక్లాకు మార్చారు. అక్కడ 47.8 శాతం, 31.5 శాతం. నెగ్గింది. 2021లో ఎఫ్‌డీఏ అనుమతించింది.

ట్యులిప్-1లో ఇంకో చిక్కు కూడా ఉంది. మధ్యలో కొత్తగా మామూలు నొప్పి బిళ్ల మొదలుపెట్టిన వాళ్లను కూడా నిబంధనల ప్రకారం స్పందించని వాళ్ల కింద రాసేశారు. తర్వాత ఆ నిబంధన సవరించి లెక్క మళ్లీ వేస్తే అంకెలు మందు వైపు కొంత మొగ్గాయి గానీ, ఎస్ఆర్ఐ-4లో గెలుపు మాత్రం దక్కలేదు.

ఓడిపోయాక గీటురాయి మార్చుకుంటే నమ్మేదెలా అని అడగడం న్యాయమైన ప్రశ్నే. మార్పు ఫలితం చూశాక చేయలేదు, ముందే చేశారు, ట్యులిప్-1లో కూడా బిక్లా లెక్క మందుకు అనుకూలంగానే ఉంది, ఇది రెండో పక్షం జవాబు. ఆదోని ఉదాహరణ చూశాక నాకు రెండో పక్షం మాటే ఎక్కువ సబబుగా అనిపిస్తుంది. అయినా మొదటి ప్రశ్న అడిగేవాళ్లు లేకపోతే కంపెనీలు తమకు నచ్చిన కొలబద్ద వెతుక్కునే ప్రమాదం ఉంది.

31 శాతం మంది ఉత్తుత్తి మందుతో ఎలా బాగుపడ్డారు?

ఈ అంకె చూసి చాలామంది అపార్థం చేసుకుంటారు. లూపస్ ట్రయల్స్‌లో ఎవరినీ మందు లేకుండా వదిలేయరు. అలా వదిలేస్తే ప్రాణాలు పోతాయి. అందరికీ హైడ్రాక్సీక్లోరోక్విన్, స్టెరాయిడ్, అవసరమైతే మిగతావీ నడుస్తూనే ఉంటాయి. వాటి మీద ఒక గుంపుకు కొత్త మందు, ఇంకో గుంపుకు ఉత్తుత్తిది కలుపుతారు. కాబట్టి ఆ 31 శాతం పాత మందుల ఫలం, క్రమం తప్పని వైద్యం ఫలం.

కొత్త మందు తెచ్చినది ఆ రెండింటి మధ్య తేడా: 47.8లోంచి 31.5 తీసేస్తే 16.3. అంటే 100 మందికి ఆ మందు ఇస్తే, అది లేకుంటే బాగుపడని 16 మంది బాగుపడతారు. సుమారు ఆరుగురిలో ఒకరు. మిగతా ఐదుగురిలో కొందరు ఎలాగూ బాగుపడేవాళ్లు, కొందరు మందు ఇచ్చినా కానివాళ్లు. ఆ ఒక్కరు ఎవరో ముందే చెప్పగలిగే పరీక్ష ఇంకా చేతికి రాలేదు.

కిడ్నీ మందులదీ ఇదే తీరు. ఒబినుటుజుమాబ్ అనుమతికి ఆధారమైన రీజెన్సీ ట్రయల్‌లో 271 మంది ఉన్నారు. 76 వారాల తర్వాత కిడ్నీ పూర్తిగా కుదుటపడింది మందు గుంపులో 46.4 శాతం మందికి, రెండో గుంపులో 33.1 శాతం మందికి. ఇది గట్టి ముందడుగు. అదే సమయంలో, కొత్త మందు తీసుకున్నా సగానికి పైగా రోగులు ఆ గీత దాటలేదన్నది కూడా అంతే నిజం.

కిడ్నీకి దిగినప్పుడు: చండీగఢ్, పుదుచ్చేరి నుంచి వచ్చిన జవాబులు

లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో కిడ్నీ దెబ్బతింటుంది. మూత్రంలో ప్రోటీన్ పోతుంది, నురగ కనిపిస్తుంది, ఎంత తీవ్రమో తేల్చడానికి సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. మన ప్రాంతంలో చాలామందికి నిజంగా అందుబాటులో ఉండే చికిత్స ఇప్పటికీ సైక్లోఫాస్ఫమైడ్, మైకోఫినోలేట్‌లే. అందుకే వీటి గురించిన పరిశోధనలూ కొత్త మందు వార్తలంత ముఖ్యమని గట్టిగా చెబుతున్నాను.

సైక్లోఫాస్ఫమైడ్ పాత పద్ధతిలో నెలకొకసారి పెద్ద మోతాదులో ఆరు నెలలు ఇచ్చేవారు. శరీర వైశాల్యం 1.5 చదరపు మీటర్లున్న మహిళకు, చదరపు మీటరుకు 0.75 గ్రాముల చొప్పున లెక్కేస్తే ఒక్కో డోసు 1.125 గ్రాములు, మొత్తం 6.75 గ్రాములు. యూరో-లూపస్ అనే పద్ధతిలో ఒక్కో డోసు 500 మిల్లీగ్రాములు, రెండు వారాలకొకటి చొప్పున ఆరు, మొత్తం 3 గ్రాములే. సగం కంటే తక్కువ. ఈ మందు అండాశయాలను దెబ్బతీస్తుంది, అదీ మోతాదును బట్టి. పెళ్లి కావాల్సిన అమ్మాయికి, పిల్లలు కావాలనుకునే ఆడమనిషికి ఈ రెండు అంకెల మధ్య తేడా జీవితాన్నే మార్చేది.

యూరప్ వాళ్ల మీద తేలినది మనకు వర్తిస్తుందా? చండీగఢ్ పీజీఐలో 100 మంది రోగుల మీద చేసి 2016లో ప్రచురించిన ట్రయల్‌లో, తక్కువ మోతాదు సైక్లోఫాస్ఫమైడ్, మైకోఫినోలేట్ బిళ్లలు సమానంగా పనిచేశాయి. పుదుచ్చేరి జిప్మర్‌లో మాత్రం తక్కువ, ఎక్కువ మోతాదులను పోల్చినప్పుడు ఎక్కువ మోతాదు వైపే ఫలితం మెరుగ్గా వచ్చింది. రెండూ మన దేశంలోవే, రెండూ చిన్నవే, చేరిన రోగుల తీవ్రత, పోల్చిన తీరు వేరు. ఇందులో ఏది తప్పు అని తేల్చే తొందర అక్కర్లేదు. కిడ్నీ ఎంత చెడిందో, రోగి వయసెంతో చూసి డాక్టరు ఏదో ఒకవైపు మొగ్గాల్సి ఉంటుందని మాత్రం దీన్నిబట్టి అర్థమవుతుంది. మైకోఫినోలేట్‌కూ ఒక షరతు ఉంది: గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి బిడ్డ కావాలనుకుంటే ముందే దాన్ని మార్చి అజాథియోప్రిన్ వంటి దాని మీదికి రావాలి.

దూరం కూడా చికిత్సలో భాగమే. కీళ్లు, రోగనిరోధక జబ్బుల నిపుణుల కోసం కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు, కడప వాళ్లు తిరుపతో వేలూరో పోవడం మామూలు. జమ్మలమడుగు నుంచి ఒకామె వెళ్లాలనుకోండి. అనిఫ్రోలుమాబ్ నరంలోకి ఎక్కించుకోవాలంటే నాలుగు వారాలకొకసారి, ఏడాదికి 13 ప్రయాణాలు. ప్రతిసారీ తోడు ఒకరు, ఇద్దరి కూలీ పోవడం. యూరో-లూపస్ పద్ధతిలో ఆరు డోసులు దాదాపు మూడు నెలల్లో ముగుస్తాయి, ఆ తర్వాత బిళ్లలు. ఒబినుటుజుమాబ్ ఆర్నెల్లకొక విడత, మొదటి రెండు విడతల్లో రెండు వారాల తేడాతో రెండేసిసార్లు, ఆ తర్వాత ఒక్కోసారి. ధర సంగతి పక్కన పెట్టినా, ఎవరికి ఏది "మంచి మందు" అన్నది బస్సు లెక్కల వల్ల కూడా మారిపోతుంది. ట్రయల్స్‌లో పల్లెల నుంచి చేరేవాళ్లు తక్కువగా ఉండటానికీ ఇదొక కారణం.

కార్-టీ: జర్మనీ వార్త వెనుక

2021లో జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ వైద్యులు, ఏ మందుకూ లొంగని లూపస్‌తో ఉన్న 20 ఏళ్ల యువతికి ఇచ్చిన కార్-టీ అనే చికిత్సను ప్రచురించారు. రోగి రక్తంలోంచి టి కణాలనే తెల్ల రక్తకణాలు తీసి, ల్యాబ్‌లో వాటికి కొత్త జన్యువు చేర్చి, బి కణాలను గుర్తించి చంపేలా తయారు చేస్తారు. కొద్దిరోజులు కీమోథెరపీ ఇచ్చి, ఆ కణాలను తిరిగి ఎక్కిస్తారు. ఇది అంతకుముందు రక్త క్యాన్సర్లకు వాడుతున్న పద్ధతే.

2024లో అదే బృందం 15 మంది ఫలితాలు వెలువరించింది. అందులో 8 మంది లూపస్ రోగులు. ఎనిమిది మందికీ జబ్బు అణిగింది. స్టెరాయిడ్‌తో సహా రోగనిరోధకతను అణిచే మందులన్నీ ఆపేశారు. ఆశ్చర్యం ఎక్కడంటే, సగటున 112 రోజులకు బి కణాలు తిరిగి వచ్చాయి, కానీ జబ్బు రాలేదు. తిరిగి వచ్చినవి పాత జ్ఞాపకం లేని కొత్త కణాలు. వ్యవస్థ మొత్తం మొదటి నుంచి మొదలైందన్న ఆశ ఇక్కడే పుట్టింది.

జాగ్రత్త పడమనేవాళ్ల మాటలూ బలమైనవే. ఇది పోలిక గుంపు లేని అధ్యయనం. గమనించిన కాలం సగటున ఏడాదికి కాస్త పైన. ఎక్కించాక జ్వరంతో కూడిన ప్రతిచర్య ఎక్కువ మందికి వచ్చింది, చాలావరకు తేలికపాటిదే. క్యాన్సర్ రోగుల్లో ఈ చికిత్స తర్వాత అరుదుగా కొత్త రక్త క్యాన్సర్లు కనిపించడంతో 2024లో ఎఫ్‌డీఏ హెచ్చరిక చేర్చింది. చావుబతుకుల్లో ఉన్న క్యాన్సర్ రోగి తీసుకునే రిస్కూ, బిళ్లలతో నెట్టుకొస్తున్న 25 ఏళ్ల అమ్మాయి తీసుకునే రిస్కూ ఒకటి కావు.

మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు, లూపస్‌కు కాదు. అమెరికా, యూరప్‌లో తయారయ్యే వాటికంటే చాలా తక్కువే అయినా, ధర లక్షల్లోనే. ఒక్కో రోగికి విడిగా కణాలు తయారు చేయడమే ఖరీదుకు మూలం కాబట్టి, శరీరం లోపలే టి కణాలను మార్చే ఇంజెక్షన్ల మీద పని మొదలైంది. 2025లో చైనా పరిశోధకులు కొద్దిమంది లూపస్ రోగుల మీద తొలి ఫలితాలు ప్రచురించారు. అది ఇంకా మొదటి మెట్టే.

మందు ఎప్పుడు ఆపవచ్చు?

రోగులు డాక్టర్లను అన్నింటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. దీని మీద జరిగిన పని మాత్రం తక్కువ. ఫ్రాన్స్‌లో విన్-లూపస్ అనే ట్రయల్‌లో, కిడ్నీ కుదుటపడి రెండు మూడేళ్లుగా మందు మీద నిలకడగా ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. ఇద్దరికీ హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగింది. ఒక గుంపుకు మైకోఫినోలేట్ లేదా అజాథియోప్రిన్ ఆపేశారు. కిడ్నీ జబ్బు తిరగబెట్టింది ఆపిన వాళ్లలో 27.3 శాతం మందికి, కొనసాగించిన వాళ్లలో 12.5 శాతం మందికి.

దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ఆపితే ముప్పు రెట్టింపయింది. అలాగే, ఆపిన నలుగురిలో దాదాపు ముగ్గురికి ట్రయల్ నడిచిన రెండేళ్లలో కిడ్నీ జబ్బు తిరగబెట్టలేదు. ఆ ముగ్గురిలో తామూ ఉంటామా లేదా అన్నది మూత్ర పరీక్ష ఒక్కటే చెప్పలేకపోతోంది. ప్రోటీన్ రోజుకు అర గ్రాము కంటే కిందికి దిగినా, మళ్లీ బయాప్సీ చేస్తే కొందరి కిడ్నీలో వాపు ఇంకా మిగిలే ఉంటోంది. అందుకే ఆపే ముందు రెండోసారి బయాప్సీ చేయాలని కొందరు నిపుణులు అంటుంటే, నిలకడగా ఉన్న మనిషికి మళ్లీ సూది ఎందుకని కొందరు ఒప్పుకోవడం లేదు. అంత అవసరం లేకుండా మూత్రంలోనో రక్తంలోనో ఆ సంగతి పట్టిచ్చే గుర్తుల కోసం వెతుకులాట ఇప్పుడు నడుస్తోంది.